లంగరు ఎత్తే విండ్లాస్: సోమశిల మరబోటు ప్రశ్నకు నా సమాధానం

తమ్ముడూ, మీరు అడిగింది ఇదీ. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో మీరూ మీ బావమరిదీ కలిసి 32 అడుగుల ఫైబర్ మరబోటు పాతది కొన్నారు. ఇన్నాళ్లూ లంగరు చేత్తోనే లాగారు. పోయిన సీజన్‌లో బావమరిదికి నడుము పట్టేసి నెల రోజులు మంచం మీద ఉన్నాడు. అందుకే 12 ఓల్టుల బ్యాటరీ విండ్లాస్ పెడదామనుకుంటున్నారు. ఎంత సైజుది కొనాలి, ఎలా బిగించాలి, తర్వాత ఏమేం చూసుకోవాలి అని మీ ప్రశ్న. ముందు మొన కింద గొలుసు గది అడుగున్నర లోతే ఉందనీ, బ్యాటరీలు వెనక ఇంజన్ పక్కన ఉన్నాయనీ కూడా రాశారు. ఆ రెండు సంగతులు రాసి మంచి పని చేశారు. నా జవాబు చాలావరకు వాటిమీదే ఆధారపడి ఉంది.

మాది పెద్దవూర మండలం. విశాఖ హార్బర్‌లో టగ్గుల మీద డెక్ మెషినరీ ఫిట్టర్‌గా 19 ఏళ్లు పనిచేసి ఊరికి వచ్చాను. ఇక్కడ సాగర్ నీళ్లలో తిరిగే కొన్ని ప్రైవేటు బోట్లకు విండ్లాస్‌లు నేనే బిగించాను. వేరేవాళ్లు బిగించి పాడుచేసినవి అంతకంటే ఎక్కువే బాగుచేశాను.

అన్నిటికంటే ముందు ఒక మాట మనసులో పెట్టుకోండి. విండ్లాస్ లంగరును ఎత్తడానికి మాత్రమే. పడవను పట్టి ఉంచడానికి కాదు.

బోరు మోటారు పైకి తీయడం మీరు చూసే ఉంటారు. చైన్ పుల్లీ పైపును ఎత్తుతుంది. ఒక పైపు పూర్తిగా పైకి రాగానే కేసింగ్ మీద క్లాంపు వేసి బిగిస్తారు. కింద వేలాడే పైపుల బరువూ మోటారు బరువూ క్లాంపు మీద పడ్డాకే పుల్లీని వదులుచేసి పై పైపు విప్పుతారు. క్లాంపు వేయకుండా అంత బరువునూ పుల్లీకే వదిలేసి అన్నానికి పోయేవాడు మన ఊళ్లలో ఒక్కడూ ఉండడు. పడవల మీద మాత్రం ఆ పనే చేస్తున్నారు. లంగరు వేసి, గొలుసును విండ్లాస్ చక్రానికే వదిలేసి నిద్రపోతున్నారు.

కొన్నేళ్ల కిందట మే నెలలో సాగర్‌లో ఒక బోటు చూశాను. రాత్రి ఒడ్డుకు దూరంగా లంగరు వేశారు. గొలుసును కదలకుండా పట్టి ఆపే స్టాపర్ లేదు. అర్ధరాత్రి గాలిదుమారం లేచింది. గాలి వేగం రెండింతలైతే పడవ మీద పడే ఒత్తిడి నాలుగింతలవుతుంది. అలకు మొన లేచిన ప్రతిసారీ గొలుసు బిగుసుకుని ఆ గుంజుడంతా విండ్లాస్ ఇరుసు మీద పడింది. తెల్లారి నన్ను పిలిచారు. ఇరుసు వంగి ఉంది. బోల్టుల చుట్టూ డెక్ మీద సాలెగూడులా పగుళ్లు. విండ్లాస్ విప్పి ఆ రంధ్రంలో వేలు పెట్టి నొక్కాను. ఫైబర్ పొరల మధ్యనుండే బాల్సా చెక్క నానిన జీలుగు బెండులా వేలికింద అణిగి, నల్లటి నీళ్లు కారాయి. అంటే ఆ చెక్క ఒక్క రాత్రిలో నానింది కాదు, నీళ్లు బోల్టుల వెంట ఎన్నాళ్లనుంచో దిగుతున్నాయి. గాలి ఆ రాత్రి దాన్ని బయటపెట్టింది, అంతే. మనుషులకు ఏమీ కాలేదు. కానీ డెక్ బాగుచేయడానికి అయిన ఖర్చు కొత్త విండ్లాస్ ధరను దాటింది.

కాబట్టి విండ్లాస్‌తోపాటు గొలుసు స్టాపర్ కూడా కొనండి. మొన మీద గొలుసు దొర్లే ముందు రోలర్‌కూ విండ్లాస్‌కూ మధ్య దాన్ని బిగించాలి. దానితోపాటు ఏడెనిమిది మీటర్ల నైలాన్ తాడు, చివర గొలుసును పట్టే కొక్కెం. దీన్నే స్నబ్బర్ అంటారు. లంగరు పట్టుకున్నాక కొక్కెం గొలుసుకు తగిలించి, తాడు రెండో కొసను డెక్ మీది గట్టి గుంజకు కట్టి, వెనక గొలుసు వేలాడేలా కొంచెం వదలాలి. నైలాన్ సాగుతుంది, కుదుపును తాగేస్తుంది. గొలుసు సాగదు. ఈ రెండింటికీ డబ్బు లేదంటే విండ్లాస్ కొనడం ఒక ఏడాది వాయిదా వేసుకోండి. నా మాట కటువుగా అనిపించినా సరే, ఇది మాత్రం తగ్గించి చెప్పలేను.

ఇక సైజు. దీనికి లెక్క మీ లంగరూ గొలుసూ ఎంత బరువన్న దగ్గర మొదలవుతుంది, పడవ పొడవు దగ్గర కాదు. మీ పడవకు 8 మిల్లీమీటర్ల గొలుసు సరిపోతుంది. అది మీటరుకు సుమారు 1.4 కిలోలు తూగుతుంది. 30 మీటర్లకు 42 కిలోలు. లంగరు 15 కిలోలు, 14 మిల్లీమీటర్ల నైలాన్ తాడు 40 మీటర్లకు సుమారు 5 కిలోలు. అన్నీ కలిపి 62 కిలోలు. విండ్లాస్ గరిష్ఠ లాగుడు దీనికి కనీసం మూడింతలు, అంటే 186 కిలోలు ఉండాలి. నేనైతే నాలుగింతలు చూసుకుంటాను, ఎందుకంటే మన దగ్గర లంగరు బురద మోసుకొస్తుంది. కంపెనీవాళ్లు గరిష్ఠ లాగుడును పెద్దక్షరాల్లో వేస్తారు. కింద చిన్నగా పని భారం అని ఇంకో అంకె ఉంటుంది. మీ 62 కిలోలు ఆ చిన్న అంకె లోపల ఉండాలి. 700 నుంచి 1000 వాట్ల మధ్య మోటారున్నవి చూస్తే మీకు సరైనది దొరుకుతుంది. అంతకంటే పెద్దది కొంటే బ్యాటరీకీ కేబులుకూ ఖర్చు పెరుగుతుంది తప్ప లాభం లేదు.

గొలుసు 30 మీటర్లే ఎందుకు, మొత్తం 70 మీటర్లు ఎందుకు అంటే మన నీళ్ల తీరు అలాంటిది. మీ సోమశిల నీళ్లు శ్రీశైలం జలాశయానివి, దాని నిండు మట్టం 885 అడుగులు. ఎండాకాలానికి అక్కడినుంచి 50 అడుగులకు పైగా దిగిన ఏళ్లున్నాయి. సంగమేశ్వరం గుడి ఎప్పుడు మునుగుతుందో ఎప్పుడు తేలుతుందో మీ సోమశిలవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. మా సాగర్ సంగతీ అంతే, నిండు మట్టం 590, కనీస మట్టం 510. వేసవిలో మీరు 4 మీటర్ల లోతున లంగరు వేసే చోట వర్షాకాలం చివర ఎంత లోతుంటుందో ఆలోచించండి. వదలాల్సిన పొడవును లోతుకు ఒక మీటరు కలిపి లెక్కకట్టాలి, ఎందుకంటే రోలర్ నీటికి మీటరు ఎత్తున ఉంటుంది. అంతా గొలుసే అయితే ఆ మొత్తానికి ఐదింతలు, గొలుసూ తాడూ కలిసినదైతే ఏడింతలు వదలాలి. 9 మీటర్ల లోతుకు ఒక మీటరు కలిపితే 10, ఏడింతలు 70. అదీ లెక్క. వరద వచ్చే రోజుల్లో రాత్రికి రాత్రే మట్టం పెరుగుతుంది. సాయంత్రం సరిపోయిన పొడవు తెల్లారేసరికి చాలకపోవచ్చు. అలాంటప్పుడు లంగరు నేలను వదిలేసి జారుతుంది.

గొలుసు కొనేటప్పుడు ఒక పొరపాటు అందరూ చేస్తారు. విండ్లాస్‌లో గొలుసును పట్టే పళ్లచక్రాన్ని జిప్సీ అంటారు. దాని గుంటల్లో ఒక్కో లింకూ సరిగ్గా కూర్చోవాలి. గొలుసు మందం 8 అయితే చాలదు, లింకు లోపలి పొడవు కూడా కుదరాలి. లింకులన్నీ ఒకే కొలతకు చేసిన 8 మిల్లీమీటర్ల క్యాలిబ్రేటెడ్ గొలుసుకు అది 24 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపుల్లో తూకానికి అమ్మే గొలుసు చూడ్డానికి అలాగే ఉంటుంది, కొలిస్తే లింకులు పొడుగ్గా ఉంటాయి. నాలుగు లింకులు సర్దుకుంటాయి, ఐదోది ఎగిరి పళ్లమీద కూర్చుంటుంది, తర్వాత గొలుసంతా జర్రున జారిపోతుంది. 10 మిల్లీమీటర్ల గొలుసుల్లో ఇంకా తికమక. జర్మన్ ప్రమాణం డిన్ 766 ప్రకారం చేసిన దానికి 28, అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ ప్రకారం చేసిన దానికి 30. రెండూ అసలైనవే, ఒకదాని చక్రం మీద ఇంకొకటి నడవదు. అందుకే ముందు గొలుసు కొని, పది లింకులు బిగుతుగా లాగి, మొదటి లింకు లోపలి అంచు నుంచి పదో లింకు లోపలి అంచు దాకా కొలవండి. 240 మిల్లీమీటర్లు రావాలి. ఆ కొలత పంపి జిప్సీ తెప్పించుకోండి. మీకు గొలుసూ తాడూ రెండూ పట్టే జిప్సీ కావాలి. గొలుసుకు తాడును ముడి వేయకూడదు, అల్లి కలపాలి. ముడి జిప్సీలో దూరదు.

ఇప్పుడు మీ గొలుసు గది. మోటారు డెక్ కింద ఉండి ఇరుసు నిలువుగా పైకి వచ్చే రకం ఒకటి, అన్నీ డెక్ పైనే ఉండే అడ్డ రకం ఒకటి. నిలువు రకంలో గొలుసు చక్రానికి సగం చుట్టు చుట్టుకుంటుంది కాబట్టి పట్టు బాగుంటుంది. మోటారుకు ఎండా వానా తగలవు. నాకు ఇష్టమైనది అదే. కానీ మీ గది అడుగున్నరే లోతు. నిలువు మోటారు ఆ లోతులోంచి కొంత తినేస్తుంది. గొలుసు గుట్టగా పడ్డాక, ఆ గుట్ట కొనకూ డెక్ అడుగుకూ మధ్య కనీసం అడుగు ఖాళీ ఉండాలి. లేకపోతే పైనుంచి పడే గొలుసుకు బరువు చాలక జిప్సీని వదలదు, రంధ్రంలోనే కుక్కుకుంటుంది. మీకు అడ్డ రకమే నయం. అయినా గుట్టకు అర అడుగే మిగులుతుంది, 30 మీటర్ల గొలుసుకు అది చాలదు.

దీనికి మార్గం గది అడుగు పలకను కిందికి దించడమే. ఇంకో ముప్పావు అడుగు దొరికితే పని అయిపోతుంది. పలక దించేముందు పడవను నిండా లోడుతో నీళ్లలో ఉంచి నీటి గీత ఎక్కడుందో బయట గుర్తు పెట్టుకోండి. కొత్త పలక ఆ గీతకు పైనే ఉంటే పక్కనుంచి రంధ్రం చేస్తే గొలుసుతో వచ్చిన నీళ్లు వాటంతటవే బయటికి పోతాయి. గీత కిందికి వెళితే ఆ రంధ్రం పెట్టొద్దు, నది లోపలికి వస్తుంది. అప్పుడు గదిని పూర్తిగా సీలు చేసి చిన్న పంపు పెట్టాలి.

గొలుసుకు అల్లిన తాడు చివరి కొసను గదిలో గట్టి కొక్కేనికి కట్టాలి. షాకిల్‌తో, అంటే పిన్నుతో మూసే ఇనుప కడియంతో బిగించొద్దు. విడి తాడుతో కట్టండి, ఆ విడి తాడు డెక్ మీదికి వచ్చేంత పొడవు ఉండాలి. ఎప్పుడైనా లంగరు వదిలేసి ప్రాణాలు దక్కించుకోవాల్సి వస్తే కత్తితో ఒక్క కోతకు తెగాలి.

బిగించే చోటు ముందు అట్టముక్కతో చూసుకోండి. ముందు రోలర్ నుంచి గొలుసు జిప్సీ దాకా తిన్నగా రావాలి, పక్కకు ఏమాత్రం వంకర ఉండకూడదు. దారం కట్టి చూస్తే తెలిసిపోతుంది. రోలర్ కంటే జిప్సీ ఎత్తుగా ఉంటే కింద దిమ్మ తగ్గించుకోవాలి. డ్రిల్లు పెట్టే ముందు కింద గదిలోకి దూరి లైటు వేసి చూడండి, అక్కడ వైరో అడ్డదూలమో ఉండొచ్చు.

డెక్ ఫైబర్ అన్నారు. మధ్యలో బాల్సా చెక్కో ఫోమో ఉండే అవకాశం ఎక్కువ. మొదటి రంధ్రం వేయగానే డ్రిల్లు నుంచి వచ్చే పొట్టు చేతిలోకి తీసుకుని చూడండి. లేత గోధుమరంగు మెత్తటి చెక్కపొట్టు వస్తే అది బాల్సా. తడిగా ముదురు రంగులో వస్తే అక్కడితో ఆపి, ముందు ఆ డెక్ ఆరబెట్టి బాగుచేయించండి. పొడిగా ఉంటే ఇలా చేయాలి. బోల్టుకు 10 మిల్లీమీటర్లు కావాలంటే రంధ్రం 16 వేయండి. పై పొరకూ కింది పొరకూ మధ్య ఉన్న చెక్కను వంచిన మేకుతో చుట్టూ గీకి తీయండి. అడుగున టేపు అంటించి, పొడి కలిపి చిక్కచేసిన ఎపాక్సీ నింపండి. మర్నాటికి రాయిలా అవుతుంది. అప్పుడు దాని నడిమధ్య 10 రంధ్రం వేయండి. ఇప్పుడు బోల్టు చుట్టూ ఉన్నది చెక్క కాదు, ఎపాక్సీ. పైన సీలెంట్ ఎప్పుడో పోయి నీళ్లు దిగినా చెక్కకు చేరవు. సాగర్‌లో ఆ బోటుకు ఈ ఒక్క రోజు పని చేసి ఉంటే డెక్ దక్కేది.

అడుగున వాషర్లు మాత్రమే పెట్టి నట్టు బిగిస్తే కుదరదు. విండ్లాస్ అడుగు కంటే వెడల్పైన ప్లేటు పెట్టాలి. సీలెంట్ పాలీయురేథేన్ రకం వాడొచ్చు, కానీ అది అతుక్కుంటే మళ్లీ విప్పడం నరకం. నేను పాలీసల్ఫైడ్ వాడతాను. బోల్టులు 316 స్టెయిన్‌లెస్, విండ్లాస్ బాడీ అల్యూమినియం అయితే రెండింటి మధ్య లోహాల తగువు మొదలవుతుంది. తెల్లటి పొడి వచ్చి బోల్టు అతుక్కుపోతుంది, విప్పబోతే తల తెగుతుంది. బోల్టులకు లానోలిన్ గ్రీజో అందుకోసం దొరికే పేస్టో పూసి పెట్టండి. మనది మంచినీళ్లే కదా అని వదిలేయొద్దు. ఉప్పునీళ్లలో త్వరగా జరిగేది ఇక్కడ ఆలస్యంగా జరుగుతుంది, అంతే తేడా.

కరెంటు పని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఎక్కువ విండ్లాస్‌లు ఇక్కడే చచ్చిపోతాయి. మన రైతులకు లో ఓల్టేజీ అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. ఓల్టేజీ పడిపోతే బోరు మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, కాయిల్ కాలుతుంది. విండ్లాస్ మోటారు సంగతీ అదే. 1000 వాట్ల మోటారు 12 ఓల్టుల మీద లాగేటప్పుడు 80 ఆంపియర్లు, బరువు పడితే ఇంకా ఎక్కువ తాగుతుంది. మీ బ్యాటరీ వెనక ఉంది, మోటారు ముందు. పక్కనుంచి తిప్పి తీసుకెళితే 9 మీటర్లు, రాను పోను 18 మీటర్లు. 16 స్క్వేర్ (చదరపు మిల్లీమీటర్ల) రాగి కేబుల్ వేస్తే 80 ఆంపియర్లకు కేబుల్‌లోనే సుమారు 1.6 ఓల్టులు పోతాయి. 35 స్క్వేర్ వేస్తే 0.7. 50 వేస్తే 0.5. కాబట్టి 35 కంటే తగ్గొద్దు, డబ్బు ఉంటే 50 వేయండి. బరువు మీద మోటారు టెర్మినళ్ల దగ్గర మల్టీమీటర్ పెడితే 10.5 ఓల్టుల కంటే దిగకూడదు. దిగితే ఆపేసి కారణం వెతకాలి. 10 ఓల్టులు ఇచ్చి పని చేయించుకోవాలని చూడొద్దు.

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో వెల్డింగ్ కేబుల్ చవకగా వస్తుంది, అది వాడొచ్చా అని మీరు తర్వాత అడుగుతారని తెలుసు. సన్న తీగలు కాబట్టి బాగా వంగుతుంది. కానీ ఆ రాగికి తగరం పూత ఉండదు. కొసల్లోంచి తేమ ఎక్కి తీగ లోపలిదాకా నల్లబడుతుంది. తగరం పూసిన మెరైన్ కేబుల్ దొరికితే అదే కొనండి. దొరకక వెల్డింగ్ కేబులే వేయాల్సి వస్తే కేబుల్ కొసలకు తొడిగే లగ్గులను హైడ్రాలిక్ క్రింపర్‌తో నొక్కించి, లోపల జిగురున్న హీట్ ష్రింక్ ట్యూబు వేసి కొసలు మూసేయండి. సుత్తితో కొట్టి నొక్కిన లగ్గు నాకు ఎన్నిసార్లో చేతిలోకి ఊడొచ్చింది. అలాంటి చోట వేడి పుట్టి మంట అంటుకుంటుంది.

ప్లస్ వైరులో బ్యాటరీకి జానెడు దూరంలోనే ఫ్యూజు లేదా బ్రేకర్ ఉండాలి. అది ఎన్ని ఆంపియర్లదో మీ విండ్లాస్ మాన్యువల్‌లో ఉంటుంది, అది చూసే వేయండి. ట్రిప్ అవుతోందని పెద్దది వేయడం కేబుల్‌ను కాల్చుకోవడమే. దాని పక్కనే చేత్తో తిప్పి ఆపే మెయిన్ స్విచ్ పెట్టండి. పైకీ కిందికీ తిప్పే సోలినాయిడ్ పెట్టెను గొలుసు గదిలో పెట్టొద్దు, ఆ తేమలో అది ఒక వర్షాకాలం కూడా ఉండదు. గోడకు అవతల పొడి చోట పెట్టండి. ముందు మొనలో విడిగా ఇంకో బ్యాటరీ పెట్టుకోమని కొందరు చెబుతారు. 32 అడుగులకు అది అనవసరం. మొనకు బరువు, ఛార్జింగ్‌కు ఇంకో తంటా.

వాడేటప్పుడు ఇంజన్ నడుస్తూ ఉండాలి, అప్పుడే ఆల్టర్నేటర్ తోడుంటుంది. లంగరు దగ్గరికి పడవను ఇంజన్‌తోనే మెల్లగా నడిపించండి. విండ్లాస్ వదులైన గొలుసును మాత్రమే చుట్టాలి. పడవను దానితో లాగొద్దు. గొలుసు నిట్టనిలువుగా వచ్చాక లంగరు రాకపోతే స్టాపర్ వేసి, ఇంజన్‌తో కొంచెం ముందుకు తోయండి. నేల వదిలాక మళ్లీ విండ్లాస్‌తో ఎత్తుకోండి. స్విచ్ మీద కాలు వేసి అలాగే నిలబడొద్దు. కాసేపు లాగి, ఆపి, చూసి, మళ్లీ లాగాలి. మోటారు గొంతు మారితే కాలు తీయాలి.

ఇది మాత్రం ఎవరికి వారు కచ్చితంగా గుర్తుపెట్టుకోవాలి. విశాఖలో నా పదకొండో ఏడు. గొలుసు జిప్సీలో ఇరుక్కుంటే మెయిన్ స్విచ్ ఆపకుండానే ఎడమ చేత్తో లింకు తప్పించబోయాను. కాలితో తొక్కే స్విచ్‌కు పైనున్న రబ్బరు పగిలి, లోపల నీళ్లు చేరి ఉన్నాయని నాకు తెలియదు. ఎవరూ తొక్కలేదు. అదే కలిసింది. చక్రం రెండంగుళాలు తిరిగిందేమో. నా చూపుడు వేలి కొన ఈ రోజుకూ లేదు. అందుకే చెబుతున్నాను, గొలుసు మీద చెయ్యి వేసేముందు ఒకరు వెనక్కి వెళ్లి మెయిన్ స్విచ్ ఆపాలి, ఆపానని గట్టిగా చెప్పాలి, అప్పుడే చెయ్యి వేయాలి. భుజాన తువ్వాలు, లుంగీ, ఆడవాళ్ల చున్నీ, జడ ఏవీ ఆ యంత్రం దగ్గరికి రాకూడదు. పర్యాటకులను ఎక్కించుకుంటారు కాబట్టి లంగరు పనిలో ఉన్నంతసేపూ ముందు మొన మీద మీ ఇద్దరు తప్ప ఎవరినీ ఉంచొద్దు.

ఇక సంరక్షణ. రోజూ చేయాల్సింది ఒకటే, గొలుసు పైకి వచ్చేటప్పుడు బకెట్టుతోనో పంపుతోనో కడగడం. కృష్ణ ఒండ్రు చాలా సన్నం. తడిగా ఉన్నప్పుడు వెన్నలా ఉంటుంది, గదిలో ఎండితే సిమెంటులా లింకుల మధ్య పట్టేస్తుంది. దాని కింద తేమ నిలిచి గాల్వనైజింగ్ పూత పోతుంది. పని అయిపోగానే మెయిన్ స్విచ్ ఆపేయండి.

నెలకోసారి కాలి స్విచ్‌ల రబ్బరు చూడండి. మన 45 డిగ్రీల ఎండకు రెండు వేసవుల్లో పగులుతుంది. కొత్తవి రెండు ఎప్పుడూ పెట్టెలో ఉండాలి. విండ్లాస్‌కు మందపాటి కాన్వాస్ గుడ్డ కుట్టించి తొడగండి. దానివల్ల రబ్బరే కాదు, గ్రీజు కూడా కరిగి కారిపోకుండా ఉంటుంది.

ఏడాదికోసారి, జూన్‌లో వానలు పడకముందు, జిప్సీని విప్పండి. పైనున్న మూత తిప్పితే జిప్సీని ఇరుసుకు పట్టి ఉంచే క్లచ్ కోన్ బయటికి వస్తుంది. పాత గ్రీజు తుడిచి కోన్‌ను వెలుతురులో తిప్పి చూడండి. మొత్తం ఒకే రకం మెరుపు ఉంటే బాగున్నట్టు. ఒక చోట అద్దంలా మెరిసి ఇంకో చోట నల్లగా ఉంటే అది సగమే పట్టుకుంటున్నట్టు. కొత్త గ్రీజు పలుచగా, వేలితో రాసి తుడిచినంతే పూయాలి. చేతికి దొరికినంత పూస్తే క్లచ్ జారుతుంది. గేర్‌బాక్స్ నూనె గాజు కిటికీలోంచి చూడండి. పాల రంగులో ఉంటే లోపలికి నీళ్లు చేరాయి, సీలు మార్చాలి. నూనె మాత్రమే మార్చి ఊరుకుంటే మళ్లీ అదే వస్తుంది. బ్రషులున్న మోటారైతే రెండేళ్లకోసారి మూత తీసి కార్బన్ పొడి ఊదేసి, బ్రషులు ఎంత అరిగాయో, స్ప్రింగులు నొక్కుతున్నాయో లేదో చూడాలి. లగ్గులన్నీ ఒకసారి విప్పి, రుద్ది, బిగించండి. డెక్ కింద నట్లు కూడా. అప్పుడే ప్లేటు చుట్టూ చెయ్యి పెట్టి తడి తగులుతుందేమో చూడండి.

గొలుసును రెండేళ్లకోసారి తిరగేయండి, లంగరు వైపు కొస తాడుకు, తాడు వైపుది లంగరుకు. లంగరు వైపు నాలుగైదు మీటర్లే నేలకు రాసుకుని అరుగుతాయి. వెర్నియర్‌తో కొలిచి మందం పది శాతం తగ్గితే, అంటే 8 కాస్తా 7.2 అయితే, ఆ గొలుసును తీసేయండి. తాడు అల్లిన చోటును ప్రతి సీజన్‌కూ చూడాలి, అన్నిటికంటే ముందు అరిగేది అదే. షాకిల్ పిన్ను ఊడకుండా తీగ చుట్టడం మరవొద్దు. అయిదు మీటర్లకొకసారి గొలుసుకు రంగు వేసుకుంటే ఎంత వదిలారో చీకట్లో టార్చి వేసినా తెలుస్తుంది.

మీ దగ్గర ఇంకో సమస్య ఉంది, అది మాన్యువళ్లలో ఉండదు. శ్రీశైలం వెనక నీళ్ల కింద ముంపు ఊళ్లున్నాయి. గోడలు, బావుల రాతికట్లు, ఎండిన చెట్ల మొద్దులు. ఇప్పుడు మీరు వాడుతున్న నాలుగు కొక్కేల లంగరు రాళ్లలో బాగా పట్టుకుంటుంది, మెత్తటి ఒండ్రులో జారుతుంది, మొద్దులో ఇరుక్కుంటే రాదు. ఇరుక్కున్నదాన్ని విండ్లాస్‌తో పీకాలని చూస్తే ముందు పోయేది విండ్లాసే. నాగలి ఆకారంలో ఉండే లంగరుకు మారండి. దాని తల వైపు రంధ్రానికి సన్నటి గట్టి తాడు కట్టి, కొసకు ఖాళీ నూనె డబ్బా తేలేలా వదలండి. లంగరు ఇరుక్కుంటే గొలుసు వదులుచేసి, ఆ డబ్బా తాడును చేత్తో వెనకవైపు నుంచి లాగితే అది దూరిన దారిన వెనక్కి వస్తుంది. జాలర్ల వలలున్న చోట లంగరు వేయొద్దు. వాళ్లకు వల అంటే నెలల సంపాదన, వాళ్లను అడిగితే కింద ఎక్కడ ఏముందో మనకంటే బాగా చెబుతారు కూడా.

మీది జనాన్ని ఎక్కించుకునే పడవ కాబట్టి 2021 ఇన్‌ల్యాండ్ వెసెల్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్, సర్వే ఉంటాయి. డెక్ కోసి గది లోతు మార్చేముందు సర్వే చేసే అధికారికి ఆ మార్పులు గీసి చూపించండి. అంతా అయ్యాక చూపిస్తే మళ్లీ విప్పమనొచ్చు.

ఇప్పుడు మీరు చేయాల్సింది మూడు కొలతలు. పలక దించితే గది లోతు ఎంత వస్తుంది, బ్యాటరీ నుంచి మొన దాకా కేబుల్ వెళ్లే దారి నిజంగా ఎన్ని మీటర్లు, ముందు రోలర్ నుంచి విండ్లాస్ పెట్టే చోటుకు దూరమెంత. టేపు పెట్టి కొలిచి రాయండి. అవి వచ్చేదాకా ఏ విండ్లాస్‌కూ అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఈలోపు లంగరు లాగేటప్పుడు బావమరిదిని నడుము వంచి లాగనివ్వకండి. పడవను లంగరు మీదికి నడిపించి, గొలుసు వదులయ్యాక, మోకాళ్లు వంచి ఇద్దరూ కలిసి ఎత్తండి.